దాడి జరిగిన హోటల్ మర్నాడే ఎలా తెరుచుకుంటుంది? ఆహార తనిఖీలు, జప్తుల చట్టం కథ

2024 వేసవి నుంచి హైదరాబాద్‌లో ఫుడ్ సేఫ్టీ తనిఖీల వార్తలు ఎక్కువయ్యాయి. తెలంగాణ ఆహార భద్రత కమిషనర్ కింద పనిచేసే టాస్క్‌ఫోర్స్ బృందాలు పేరున్న రెస్టారెంట్లకు, బేకరీలకు, హాస్టళ్ల వంటగదులకు వెళ్లి చూసింది చూసినట్టు ఫొటోలతో ఎక్స్‌లో పెట్టడం మొదలుపెట్టాయి. మూతల్లేని చెత్త డబ్బాలు, గోడల మీద బొద్దింకలు, గడువు తీరిన మసాలా ప్యాకెట్లు, తేదీ రాయకుండా ఫ్రిజ్‌లో తోసేసిన మాంసం అన్నీ ఆ ఫొటోల్లో కనిపించేవి. వాటి కింద జనం అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు ఎప్పుడూ అవే. మూసేశారా? కేసు పెట్టారా? నిన్న దాడి అన్నారు, ఇవాళ వెళ్తే బిర్యానీ వడ్డిస్తూనే ఉన్నారేంటి?

వెంటనే వచ్చే అనుమానం లంచం. అది ఎక్కడా ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ హోటల్ మర్నాడు తెరుచుకోవడానికి చాలాసార్లు చట్టంలోనే కారణం ఉంటుంది. తనిఖీ, శాంపిల్, జప్తు, లైసెన్సు సస్పెన్షన్, శిక్ష ఇవి ఐదూ వేర్వేరు దశలు. ఒక్కోదానికి ఒక్కో అధికారి, ఒక్కో గడువు ఉంటాయి. వార్తల్లో మాత్రం ఐదింటినీ కలిపి ‘దాడి’ అని రాసేస్తాం. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

పాత చట్టం, కొత్త చట్టం: జైలు నుంచి జరిమానా వైపు

చాలా ఏళ్లపాటు మనకున్నది 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం. ప్రమాణానికి తగ్గితే అది కల్తీయే. ఆరోగ్యానికి హాని ఉందా లేదా అన్నది తర్వాతి మాట. పాలలో వెన్న శాతం కాస్త తగ్గినా, పాలలో విషపదార్థం కలిపినా కేసు నడిచేది క్రిమినల్ కోర్టులోనే. సాధారణంగా కనీస శిక్షే ఆరు నెలల జైలు. దాంతో చిన్న పాలవ్యాపారి ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగేవాడు. పెద్ద నేరం చేసినవాడి కేసూ అదే క్యూలో నిలబడేది.

2006లో వచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం దీన్ని మార్చింది. దాని కింద నిబంధనలు 2011 ఆగస్టు 5న అమల్లోకి వచ్చాయి. ఈ చట్టం తప్పుడు ఆహారాన్ని ప్రధానంగా మూడు రకాలుగా చూస్తుంది. ప్రమాణానికి తగ్గినా తింటే ప్రమాదం లేనిది నాసిరకం, అంటే సబ్‌స్టాండర్డ్. లేబుల్ మీద అబద్ధం ఉన్నా, ఉండాల్సిన వివరం లేకపోయినా మిస్‌బ్రాండెడ్. తింటే ఆరోగ్యం పాడయ్యేది అన్‌సేఫ్, అంటే సురక్షితం కానిది. మొదటి రెండింటికి డబ్బు జరిమానాతో సరి. నాసిరకానికి రూ.5 లక్షల దాకా, మిస్‌బ్రాండెడ్‌కు రూ.3 లక్షల దాకా వేయవచ్చు. జైలు మాట వచ్చేది ముఖ్యంగా మూడోదానికే.

పాల ప్యాకెట్‌తో చూస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది. టోన్డ్ పాలలో 3 శాతం వెన్న, వెన్న కాని ఘనపదార్థాలు 8.5 శాతం ఉండాలి. పరీక్షలో వెన్న 2.6 శాతమే వచ్చిందనుకుందాం. కొన్నవాడు మోసపోయాడు కానీ ఆ పాలు తాగితే జబ్బు చేయదు. అది నాసిరకం. అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి విచారించి జరిమానా వేస్తారు. అవే పాలలో డిటర్జెంట్ బయటపడితే విషయం వేరు. అది అన్‌సేఫ్, కోర్టుకు వెళ్లాల్సిన కేసు.

అయితే ఈ గీత పుస్తకంలో ఉన్నంత తిన్నగా ఉండదు. అన్‌సేఫ్‌కు చట్టం ఇచ్చిన నిర్వచనంలో చాలా అంశాలున్నాయి. పురుగు పట్టడం, అనుమతి లేని రంగు వేయడం, అపరిశుభ్రమైన చోట వండటం, పురుగుమందుల అవశేషాలు పరిమితి దాటడం వాటిలో కొన్ని. నాసిరకంగా ఉండటం, తప్పుడు లేబుల్ ఉండటం కూడా అదే జాబితాలో కనిపిస్తాయి! మరి అన్నీ అన్‌సేఫేనా అంటే కాదు. నిర్వచనం మొదట్లోనే ఒక షరతుంది: ఆ లోపం వల్ల ఆహారం ఆరోగ్యానికి హాని చేసే స్థితికి రావాలి. కోర్టుల్లో వాదనంతా ఈ షరతు చుట్టూ నడుస్తుంది. ల్యాబ్ నివేదికలో ‘ప్రమాణానికి తగ్గింది’ అని మాత్రమే ఉంటే సరిపోదు, హాని సంగతి తేలాలి.

వంటగదిలో అడుగుపెట్టిన అధికారి ఏం చేయగలరు

తనిఖీకి వచ్చేది ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్. ఆయన అధికారాలు సెక్షన్ 38లో ఉన్నాయి. ఆహారం తయారయ్యే, నిల్వ ఉండే, అమ్మకానికి పెట్టే ఏ చోటికైనా వెళ్లవచ్చు. శాంపిల్ తీయవచ్చు. చట్టాన్ని ఉల్లంఘించినట్టు కనిపించే సరుకును సీజ్, అంటే జప్తు చేయవచ్చు. కల్తీకి వాడే పదార్థం దొరికితే దాన్ని, అవసరమైతే లెక్కల పుస్తకాలను కూడా పట్టుకోవచ్చు. పుస్తకాలను మాత్రం 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి.

ఆయన పైన డిజిగ్నేటెడ్ ఆఫీసర్ ఉంటారు. నోటీసు ఇవ్వడం, లైసెన్సు సస్పెండ్ చేయడం ఆ పై అధికారి పని. అంటే మనకు ఫొటోల్లో కనిపించే అధికారికి షట్టర్ దించే అధికారం నేరుగా లేదు. చాలామందికి తెలియని సంగతి ఇది.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రెస్టారెంట్. సాయంత్రం నాలుగింటికి బృందం వంటగదిలోకి వెళ్లింది. ఐదు తప్పులు కనిపించాయి. ఒక్కో తప్పు ఒక్కో దారి పడుతుంది.

మొదటిది, స్టవ్ వెనక బొద్దింకలు, తలకు టోపీల్లేని వంటవాళ్లు, నీటి పరీక్ష రిపోర్టు లేదు. దీనికి సెక్షన్ 32 కింద ఇంప్రూవ్‌మెంట్ నోటీసు వస్తుంది. సరిదిద్దుకోవడానికి చట్టం ప్రకారం కనీసం 14 రోజుల గడువు ఇవ్వాలి. గడువులోగా సరిచేయకపోతే లైసెన్సు సస్పెన్షన్, అప్పటికీ మారకపోతే రద్దు. అపరిశుభ్రతకు విడిగా రూ.1 లక్ష దాకా జరిమానా పడవచ్చు. మర్నాడు హోటల్ తెరిచి ఉండటానికి తరచూ ఈ నోటీసే కారణం. గడువు నడుస్తుండగా వ్యాపారం చేసుకోవచ్చు.

రెండోది, ఫ్రిజ్‌లో వాసన వస్తున్న చికెన్. పాడైపోయే సరుకు, ఇప్పటికే తినడానికి పనికిరాకుండా పోయిందని అధికారికి నమ్మకం కుదిరితే, యజమానికి రాతపూర్వకంగా నోటీసిచ్చి అక్కడే నాశనం చేయించవచ్చు. ఫినాయిల్ పోసి పారేస్తున్న దృశ్యాలు టీవీల్లో చూసేది ఇలాంటప్పుడే. మూడోది, గడువు తీరిన మసాలా ప్యాకెట్లు. వీటికి ల్యాబ్ అక్కర్లేదు, తేదీయే సాక్ష్యం.

నాలుగోది, నల్లగా మరిగిన నూనె. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే పదేపదే మరగడం వల్ల పెరిగే పదార్థాలు, 25 శాతం దాటితే దాన్ని మళ్లీ వంటకు వాడకూడదు. చేతిలో పట్టే మీటర్‌తో అక్కడికక్కడే ఒక అంచనా దొరుకుతుంది. ఐదోది, కణకణలాడే ఎర్రటి తందూరీ చికెన్. అనుమానం సింథటిక్ రంగు మీద. మిఠాయిల్లాంటి కొన్నిట్లో కొన్ని రంగులు కిలోకు 100 మిల్లీగ్రాముల దాకా వేయవచ్చు కానీ ఇలాంటి మాంసం వంటకాల్లో, బిర్యానీల్లో సింథటిక్ రంగుకు చోటు లేదు. అయినా కంటితో చూసి ఇది ఫలానా రంగు అని ఎవరూ తేల్చలేరు. కశ్మీరీ మిరపకారం కూడా అంతే ఎర్రగా ఉంటుంది. ఇక్కడ శాంపిల్ తప్పనిసరి.

ఐదు తప్పుల్లో ఆ సాయంత్రం అక్కడే ముగిసేవి రెండు మూడే. మిగతావి ఆ సాయంత్రం మొదలవుతాయి అంతే.

శాంపిల్ తీయడం: చిన్న తప్పుకు పెద్ద కేసు పోయే చోటు

నాకైతే ఈ చట్టం మొత్తంలో ముఖ్యమైన ఘట్టం ఇదే అనిపిస్తుంది. టీవీ కెమెరాలు పట్టించుకోనిదీ ఇదే.

అధికారి శాంపిల్‌ను ఊరికే తీసుకోరు, మార్కెట్ ధర చెల్లించి కొంటారు. ‘పరీక్షకు పంపుతున్నాను’ అని యజమానికి రాతపూర్వకంగా చెబుతారు. సాక్షిని పిలుస్తారు. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి ల్యాబ్‌లో పరీక్ష చేసే ఫుడ్ అనలిస్టుకు వెళ్తుంది. రెండు భాగాలు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర భద్రంగా ఉంటాయి. నాలుగోది వ్యాపారి కోరితే గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబ్‌కు వెళ్తుంది. రెండు రిపోర్టులూ వేరుగా వస్తే, దాచి ఉంచిన భాగాన్ని రిఫరల్ ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ చెప్పిందే ఖాయం.

సీలు వేసే పద్ధతి కూడా నిబంధనల్లో వివరంగా ఉంది. సీసా శుభ్రంగా, తడి లేకుండా ఉండాలి. మూత గట్టిగా బిగించి, దళసరి కాగితంతో పూర్తిగా చుట్టాలి. డిజిగ్నేటెడ్ ఆఫీసర్ సంతకం, కోడ్ నంబరు ఉన్న స్లిప్పును సీసా అడుగు నుంచి పైదాకా అతికించాలి. వ్యాపారి సంతకం సగం స్లిప్పు మీద, సగం చుట్టిన కాగితం మీద పడాలి. స్లిప్పు మార్చితే సంతకం తెగిపోతుంది, అదీ ఉద్దేశం. ఆపైన దారం అడ్డంగా, నిలువుగా కట్టి లక్కతో కనీసం నాలుగు సీళ్లు వేయాలి: పైన ఒకటి, అడుగున ఒకటి, ఒంటి మీద రెండు.

పాలలాంటివి చెడిపోకుండా ఫార్మలిన్ చుక్కలు వేస్తారు. కానీ బ్యాక్టీరియా కోసం పరీక్షించాల్సిన శాంపిల్‌లో ఫార్మలిన్ వేస్తే ఆ బ్యాక్టీరియానే చచ్చిపోతుంది. అలాంటిదాన్ని క్రిమిరహితమైన డబ్బాలో, చల్లగా ఉంచి ల్యాబ్‌కు చేర్చాలి. మే నెల ఎండలో, నగరంలో ఒక మూల నుంచి నాచారంలోని స్టేట్ ఫుడ్ ల్యాబొరేటరీ దాకా ట్రాఫిక్‌లో ఆ చల్లదనం నిలపడం చిన్న పని కాదు. దారిలో వేడెక్కితే రిపోర్టులో వచ్చిన బ్యాక్టీరియా హోటల్‌దా, ప్రయాణంలో పెరిగిందా అని లాయరు అడుగుతాడు. అడగాలి కూడా.

ఇంకో తేడా ఉంది. శాంపిళ్లలో లీగల్, సర్వైలెన్స్ అని రెండు రకాలు. ఇప్పటిదాకా చెప్పిన పద్ధతంతా లీగల్ శాంపిల్‌ది. మార్కెట్‌లో పరిస్థితి ఎలా ఉందో తెలుసుకోవడానికి మామూలు పద్ధతిలో తీసేది సర్వైలెన్స్ శాంపిల్. వీధుల్లో తిరిగే మొబైల్ ల్యాబ్ వ్యాన్లలో చేసేవి కూడా ప్రాథమిక పరీక్షలే. వాటిలో తప్పు తేలితే దాని మీద నేరుగా శిక్ష వేయలేరు, మళ్లీ లీగల్ శాంపిల్ తీయాల్సిందే. ‘ఇన్ని శాంపిళ్లు ఫెయిల్ అయ్యాయి, మరి కేసులు అన్ని లేవేం?’ అనే ప్రశ్నకు కొంత జవాబు ఇక్కడ దొరుకుతుంది.

సీజ్ చేసిన సరుకు ఎక్కడుంటుంది

సీజ్ అనగానే లారీలో ఎక్కించి తీసుకుపోతారనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. సీజ్ చేసిన సరుకును ఆ వ్యాపారి కస్టడీలోనే ఉంచే వీలు చట్టంలో ఉంది. సరుకు విలువకు సమానంగా పూచీకత్తుతో బాండు రాయించుకోవచ్చు. ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా దాన్ని అమ్మకూడదు, కదపకూడదు. కదిపితే అది విడిగా నేరం, సెక్షన్ 60 కింద జైలు శిక్ష ఉంది.

ఇలా ఎందుకంటే, సీజ్ చేసిన రోజున అది తప్పుడు సరుకని ఇంకా రుజువు కాలేదు. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర పది టన్నుల పసుపు పట్టుకున్నారనుకోండి. రంగు కోసం కలిపే విషపదార్థం లెడ్ క్రోమేట్ ఉందని తేలితే అంతా నాశనం చేయాల్సిందే. ఏమీ లేదని తేలితే సరుకు తిరిగి ఇవ్వాలి. ఈలోగా దాచే గోదాము, తేమ, ఎలుకలు, లెక్క అంతా ప్రభుత్వం నెత్తిన పడటం కంటే బాండుతో వ్యాపారి దగ్గరే ఉంచడం మేలనుకుంది చట్టం. వ్యాపారి రాత్రికి రాత్రి సరుకు మార్చేస్తే? ఆ భయం నిజమైనదే. దానికి సీలు, సాక్షులు, సెక్షన్ 60 తప్ప వేరే అడ్డు లేదు.

అధికారికి కూడా హద్దుంది. సరైన కారణం లేకుండా వేధించడానికి సీజ్ చేశారని రుజువైతే ఆ అధికారికే రూ.1 లక్ష దాకా జరిమానా. అధికారి మీద తప్పుడు ఫిర్యాదు ఇచ్చినవాళ్లకూ రూ.50 వేలకు తగ్గని జరిమానా ఉంది.

వెంటనే మూయించాలంటే దారి లేదా?

ఉంది. సెక్షన్ 32లోనే ఒక మినహాయింపు ఉంది. ప్రజారోగ్యం దృష్ట్యా అవసరమైతే, కారణాలు రాసి, డిజిగ్నేటెడ్ ఆఫీసర్ లైసెన్సును వెంటనే సస్పెండ్ చేయవచ్చు. 14 రోజులు ఆగనక్కర్లేదు. సెక్షన్ 34 కింద అత్యవసర నిషేధమూ ఉంది. దానికి డిజిగ్నేటెడ్ ఆఫీసర్ ముందు నోటీసిచ్చి, ఆహార భద్రత కమిషనర్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి.

వీటన్నిటికంటే పెద్దది సెక్షన్ 30 కింద కమిషనర్‌కున్న నిషేధాధికారం. ఒక ఆహార పదార్థాన్ని రాష్ట్రమంతటా ఏడాదిదాకా నిషేధించవచ్చు. 2024 అక్టోబరులో బంజారాహిల్స్ ప్రాంతంలో మోమోలు తిని ఒక మహిళ చనిపోయారు, పలువురు ఆసుపత్రుల పాలయ్యారు. అక్టోబరు 30న పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ఏడాదిపాటు నిషేధించింది. ఇది ఒక దుకాణం మీద చర్య కాదు. నిషేధం ఉన్నంతకాలం ఆ పదార్థం ఎవరి దగ్గర దొరికినా, అందులో బ్యాక్టీరియా ఉందా లేదా అని చూడక్కర్లేదు, ఉండటమే ఉల్లంఘన. గుట్కా నిషేధం ఏటేటా పొడిగిస్తూ రావడానికి కారణం కూడా ఈ ఏడాది పరిమితే.

పోలీసులు పట్టుకుంటే ఏమవుతుంది

కల్తీ అల్లం వెల్లుల్లి పేస్టు తయారీ కేంద్రంపై పోలీసుల దాడి అన్న వార్త హైదరాబాద్ పాఠకులకు బాగా అలవాటు. డ్రమ్ముల్లో పేస్టు, పక్కనే రసాయనాల డబ్బాలు, మధ్యలో వరసగా నిలబెట్టిన నిందితులు. ఇక్కడ న్యాయపరంగా ఒక చిక్కుంది.

పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లో 272, 273 సెక్షన్లు ఆహార కల్తీకి, హానికరమైన ఆహారం అమ్మకానికి సంబంధించినవి. 2024 జులై 1 నుంచి అవి భారతీయ న్యాయ సంహితలో 274, 275గా ఉన్నాయి. 2018లో మహారాష్ట్ర గుట్కా కేసులో సుప్రీంకోర్టు, ఒకే పనికి రెండు చట్టాల కింద కేసు పెట్టడానికి అడ్డు లేదంది. 2024 ఫిబ్రవరిలో అదే కోర్టు ఇంకో కేసులో ఆహార భద్రత చట్టంలోని 89వ సెక్షన్‌ను చూసింది. ఈ చట్టానికి, వేరే చట్టానికి పొసగనిచోట ఇదే నెగ్గుతుందని ఆ సెక్షన్ చెబుతుంది. కాబట్టి అన్‌సేఫ్ ఆహారానికి శిక్ష చెప్పే సెక్షన్ 59 వర్తించే చోట 272, 273 కింద ప్రాసిక్యూషన్ కుదరదని తేల్చింది. కొత్త సంహితలోని సెక్షన్లకూ ఇదే తర్కం వర్తిస్తుందనే వాదన బలమైనదే.

పోలీసుల పక్షాన చెప్పే మాటలో కూడా న్యాయముంది. రాత్రి పూట మూసి ఉన్న షెడ్లలో, లైసెన్సే లేకుండా నడిచే చోట్ల సమాచారం వచ్చేది పోలీసులకే. అక్కడికి ఒక్క ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ వెళ్లడం కష్టం, ఒక్కోసారి ప్రమాదం. అవతలి పక్షం చెప్పేదేమిటంటే, నాలుగు భాగాల శాంపిల్, సీళ్లు, నోటీసు లేకుండా పట్టుకున్న సరుకు కోర్టులో నిలవదని. రెండు మాటలూ నిజమే కాబట్టే, పోలీసులు వెళ్లినా శాంపిల్ తీయడానికి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌ను పిలవడం కేసుకు ప్రాణం.

శిక్ష దాకా ప్రయాణం

ఫుడ్ అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. దానిపై వ్యాపారి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆ తర్వాత డిజిగ్నేటెడ్ ఆఫీసర్ తేల్చాలి: ఇది జరిమానా కేసా, జైలు కేసా? జైలు కేసైతే ప్రాసిక్యూషన్‌కు కమిషనర్ అనుమతి కావాలి. నేరం జరిగిన ఏడాదిలోపు కోర్టుకు వెళ్లాలి. కమిషనర్ కారణాలు రాసి దీన్ని మూడేళ్లదాకా పెంచవచ్చు. ఈ గడువుల్లో ఏది దాటినా డిఫెన్స్ లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

అన్‌సేఫ్ ఆహారం తిని ఎవరికీ ఏమీ కాకపోతే మూడు నెలల దాకా జైలు, రూ.3 లక్షల దాకా జరిమానా. 2023లో పలు చట్టాల్లోని శిక్షలను మార్చిన జన్ విశ్వాస్ చట్టం రాకముందు ఇది ఆరు నెలలు, రూ.1 లక్షగా ఉండేది. జైలు తగ్గించి జరిమానా పెంచారు. గాయమో జబ్బో అయితే ఏడాది దాకా, తీవ్రమైనదైతే ఆరేళ్ల దాకా జైలు. ప్రాణం పోతే కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా, రూ.10 లక్షలకు తగ్గని జరిమానా. చనిపోయినవారి కుటుంబానికి కనీసం రూ.5 లక్షల పరిహారం విడిగా ఉంది.

మామూలు కొనుగోలుదారుకు కూడా ఇందులో ఒక తలుపు తెరిచి ఉంది. కొన్న ఆహారాన్ని ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. తప్పు తేలితే ఫీజు వెనక్కి వస్తుంది, కేసు కూడా కదులుతుంది. షరతు ఒక్కటే: పరీక్షకు పంపబోతున్నానని కొనేటప్పుడే అమ్మినవాడికి చెప్పాలి. తిన్నాక కడుపు నొప్పి వచ్చి మిగిలిన బిర్యానీ పట్టుకెళ్తే ఈ నిబంధన కింద పనికిరాదు. హానిని ఎవరూ ముందుగా ఊహించరు కదా! అందుకే ఈ హక్కు పుస్తకంలోనే మిగిలిపోతోందని నాకనిపిస్తుంది.

పేర్లు బయటపెట్టడం: ఎవరి వాదన ఏమిటి

తనిఖీ అయిన గంటల్లోనే హోటల్ పేరు, ఫొటోలు బయటపెట్టడం మీద హోటళ్లవాళ్లకు కోపం ఉంది. వాళ్ల మాట కొట్టిపారేయదగ్గది కాదు. రిపోర్టు రాకముందే పేరు పోతుంది, రిపోర్టులో ఏమీ లేదని వచ్చినప్పుడు ఆ సంగతి ఎవరూ రాయరు. నేరస్తుడి పేరును పత్రికల్లో వేయించడం గురించి చట్టంలో ఒక నిబంధన ఉంది కానీ, అది మళ్లీ నేరం చేసి శిక్ష పడినవాళ్ల విషయంలో కోర్టు వాడేది.

అవతలివైపు వాదన: బొద్దింకలకు ల్యాబ్ రిపోర్టు అక్కర్లేదు. వంటగది ఎలా ఉందో అన్నది అధికారి కళ్లతో చూసిన విషయం, డబ్బిచ్చి తినేవాడికి అది తెలుసుకునే హక్కు ఉంది. అలా పేర్లు బయటికి వస్తాయన్న భయంతో వంటగదులు కడిగినవాళ్లు కూడా ఉంటారు.

నేను రెండో పక్షం వైపే మొగ్గుతాను, కానీ సగం దాకానే. కంటికి కనిపించిన అపరిశుభ్రతను ఆ రోజే చెప్పవచ్చు. రంగు కలిపారు, కల్తీ చేశారు అనేది మాత్రం రిపోర్టు వచ్చాక చెప్పాల్సిన మాట. ఇప్పుడు ఫొటోలు పెట్టే అదే ఖాతాలో, అదే హోటల్ పేరుతో, ఫలానా తేదీన తీసిన శాంపిల్ పాసైందో ఫెయిలైందో, నోటీసు గడువు ముగిశాక మళ్లీ వెళ్లి చూస్తే ఏం కనిపించిందో, అదనపు కలెక్టర్ ఎంత జరిమానా వేశారో కూడా పెట్టవచ్చు. ఆ వివరాలన్నీ ఆఫీసు ఫైళ్లలో ఉండేవే. అవి బయటికి వస్తే తప్పు చేయని హోటల్ పేరు నిలబడుతుంది, చేసినవాడి శిక్ష జనానికి కనిపిస్తుంది.